పుడ్డింగ్ అన్నంత మాత్రాన పంచదార పోయొద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో, వంటల పేజీలో, 'యార్క్‌షైర్ పుడ్డింగ్' అని ఒక వంటకం వేశారు. అరకప్పు పంచదార, చెంచా వెనిలా ఎసెన్స్, చెంచా బేకింగ్ పౌడర్, పైన చెర్రీ పండు. 'ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచి చల్లగా వడ్డించండి' అని చివరి మాట. పక్కన వేసిన బొమ్మ చూస్తే క్యారమెల్ కస్టర్డ్. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. "పోనిద్దురూ, వాళ్ళకేం తెలుసు పాపం" అంది మా ఆవిడ. పోనివ్వబుద్ధి కాలేదు. ఎందుకంటే అది తీపి వంటకమే కాదు, వేడివేడిగా తినే ఉప్పటి వంటకం.

నేను తెనాలిలో 31 ఏళ్ళు టిఫిన్ హోటల్ నడిపాను. ఇడ్లీ, దోసె, పూరీ, సాయంత్రం పూట పునుగులు. మోకాళ్ళు మొరాయించాక కొట్టు ఇంకొకరికి అప్పగించాను. మా కోడలు లీడ్స్‌లో నర్సు. కిందటేడు జనవరిలో నన్నూ మా ఆవిణ్ణీ రమ్మంటే వెళ్ళి అయిదున్నర నెలలు ఉన్నాం. లీడ్స్ అంటే ఇంగ్లండ్‌లో, ఆ యార్క్‌షైర్ ప్రాంతంలోనే. మా వాళ్ళ ఇల్లు మోర్లీ అనేచోట, అన్నీ రాతి గోడల వరస ఇళ్ళు, మధ్య గోడ ఒక్కటే. ఇటు మేం తాలింపు వేస్తే అటువైపు తుమ్మేవాళ్ళు. ఆ అటువైపు ఉన్నది 78 ఏళ్ళ పెద్దావిడ, ఒంటరి మనిషి.

ఆవిడ ఎవరినైనా 'లవ్' అనే పిలుస్తుంది. ఆ ప్రాంతపు అలవాటే అంత. బస్సు డ్రైవరూ అంతే, కూరగాయల కొట్టువాడూ అంతే. మొదటిరోజు గుమ్మంలో నన్ను చూసి "టీ తాగుతావా, లవ్?" అంటే మా ఆవిడ మొహం చూడాలి! మనవరాలు సర్దిచెప్పింది: "నాన్నమ్మా, మనం 'అమ్మా', 'నాయనా' అంటాం చూడు, అలాంటిది." అప్పటికిగానీ టీ తాగనివ్వలేదు నన్ను.

ఫిబ్రవరి మొదటి ఆదివారం ఆ దేశంలో యార్క్‌షైర్ పుడ్డింగ్ రోజట. మా కోడలు ఆ మాట చెబితే పెద్దావిడ ముక్కు విరిచి, "మా ఇంట్లో ప్రతి ఆదివారం ఆ రోజే" అంది. ఆ మధ్యాహ్నం మమ్మల్ని భోజనానికి పిలిచింది. ముందురోజే వచ్చి మనకేం పనికిరావో అడిగింది. గొడ్డు మాంసం ముట్టమని కోడలు చెప్పింది. సరే, కోడిని కాలుస్తానంది. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి ఇంకో మాట చెప్పింది: తను పుడ్డింగులు ఎప్పుడూ గొడ్డు కొవ్వులోనే వేస్తుందట, మాకోసం కొత్త రేకు కొని పొద్దుతిరుగుడు నూనెలో వేస్తుందట. మేం అడగలేదండీ! అసలు అందులో కొవ్వు వేస్తారన్న సంగతే మాకు తెలీదు. ఇక్కణ్ణించి అక్కడికి పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళు మీ పాఠకుల్లో చాలామందే ఉంటారు. హోటల్లో తినబోయేముందు ఏ కొవ్వులో కాల్చారో అడగండి. నూనెలో చేసేవాళ్ళూ ఉన్నారు, పాతకాలపు పద్ధతివాళ్ళు పశువు కొవ్వో పందికొవ్వో వాడతారు. అడిగితే దాచరు, చెబుతారు. నూనెలో చేసినా కోడిగుడ్డు మాత్రం తప్పదు.

ఇక నా భాగోతం చెబుతాను. మీ వంటల పేజీ రాసినవారిని తప్పుపట్టే ముందు నేనూ అదే తప్పు చేశానని ఒప్పుకోవాలి.

బల్ల దగ్గర కూర్చోగానే నా ముందు ఒక్క పళ్ళెం పెట్టింది. కోడి లేదు, దుంపలు లేవు. అరచేతికి మించిన బంగారు రంగు గిన్నె ఒకటి, తినే గిన్నె. చుట్టూ అంచులు నిటారుగా లేచి ఒకవైపు తలపాగాలా వాలాయి, మధ్యలో గుంట. ఆ గుంటలో గోధుమరంగు రసం, పైన మెరుపు. పుడ్డింగ్ అన్న మాట చెవిలో పడి ఉంది. నా కంటికది బెల్లం పాకం. ఓహో, వీళ్ళు ముందు స్వీటు పెడతారు కాబోలు, మన పెళ్ళిళ్ళలో విస్తట్లో మొదట బూరె వేసినట్టు, అనుకున్నాను. పెద్ద ముక్క తుంచి, పాకంలో బాగా ముంచి నోట్లో పెట్టుకున్నాను. నాలుక బెల్లానికి సిద్ధమై కూర్చుంది. తగిలింది ఉల్లిపాయ. ఉప్పు, మిరియాలు, వేయించిన ఉల్లిపాయ, కోడి కాల్చినప్పుడు దిగిన రసం. ఉమ్మేద్దామా మింగుదామా అని ఒక క్షణం ఆగిపోయాను. మనవరాలు నా మొహం చూసి పకపకా నవ్వింది.

మింగాక తెలిసింది రుచి. పై అంచు అప్పడంలా విరిగింది. దాని కింద గుల్ల. అడుగున రసం తాగినచోట గుడ్డూ పాలూ కలిసిన మెత్తదనం, చారులో నానిన గారెలా. ఒకే ముక్కలో కరకరా ఉంది, మెత్తనా ఉంది. పిండివాణ్ణి కదా, నోటికంటే ముందు బుర్ర పనిచేసింది. సోడా వెయ్యలేదంటోంది, పులియబెట్టలేదంటోంది, ఇంత ఎత్తు ఎలా లేచింది?

మర్నాడే వెళ్ళి నేర్పమన్నాను. నా ఇంగ్లీషు బిల్లు రాయడానికి మించదు, ఆవిడ యాస మా కోడలికే సగం అర్థం కాదు. అయినా పిండి దగ్గర భాషతో పనేముంది? తక్కెడ లేదు, కొలత గిన్నెలు లేవు. ఒక పింగాణీ మగ్గు తెచ్చి అందులో 4 గుడ్లు కొట్టింది. ఎంతవరకు వచ్చిందో బయటినుంచి వేలితో గుర్తు పట్టుకుంది. గుడ్లు గిన్నెలో వొంపేసి, అదే గుర్తుదాకా మైదా, అదే గుర్తుదాకా పాలు. గుడ్డెంతో మైదా అంత, మైదా ఎంతో పాలంత, చిటికెడు ఉప్పు, అంతే లెక్క. ఉండల్లేకుండా గిలక్కొట్టి కిటికీ దగ్గర పెట్టేసింది. మన రవ్వదోసె పిండి కన్నా కాస్త చిక్కన, మినప్పిండి కన్నా బాగా పల్చన. అరగంటైనా ఆ పిండి ఊరాలి, రాత్రంతా ఉంచినా మంచిదేనట. పాలల్లో కొంచెం నీళ్ళు కలిపితే ఇంకా కరకరలాడతాయని తర్వాత చెప్పింది, మొదటిరోజు చెప్పలేదు. మా వంటమాస్టర్లూ ఇంతే, అన్నీ ఒకరోజే చెప్పరు.

అసలు పని ఓవెన్ దగ్గర. ఓవెన్ 220 డిగ్రీలకు తిప్పింది. పన్నెండు గుంటల రేకు, చూడ్డానికి మన గుంతపొంగడాల పెనానికి పినతల్లి కూతురులా ఉంది. ఒక్కో గుంటలో అర చెంచా నూనె వేసి, ఖాళీ రేకునే లోపల పెట్టింది. పది నిమిషాలకి తీస్తే నూనె మీద సన్నని పొగ. పిండి పొయ్యగానే చుయ్యిమంది. ఆ చప్పుడు రాకపోతే పిండి పొయ్యడం ఆపి నూనె మళ్ళీ వేడిచెయ్యాలి. ఇది నాకెవరూ చెప్పక్కర్లేదు. నూనె కాగకముందు పూరీ వేస్తే ఏమవుతుందో 31 ఏళ్ళు చూశాను.

గబగబా పోసి తలుపు వేసింది. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు అంది. నేనేమో మూత తీసి చూడ్డం వృత్తిగా బతికినవాణ్ణి. ఇడ్లీ పాత్ర మూత తీస్తాం, చూస్తాం, పెడతాం. పదో నిమిషంలో ఆవిడ అటు తిరగ్గానే ఓవెన్ తలుపు తీశాను. అద్భుతంగా ఉన్నాయి, అన్నీ తల ఎత్తి చూస్తున్నాయి. రెండు క్షణాల్లో, నా కళ్ళముందే, ఒకటొకటిగా కూలబడ్డాయి. ఆవిడ వెనక్కి తిరిగి వేసిన కేకకి మా ఆవిడ పక్కింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆరోజు అందరం పన్నెండు చిన్న అట్లు తిన్నాం. పెద్దావిడ కూలినవాటి మీద కూడా ఉల్లిపాయ గ్రేవీ పోసుకుని తినేసింది. పారెయ్యడం ఆవిడ ఇంటావంటా లేదు.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, ఇది పూరీ సిద్ధాంతమే. పూరీని పొంగించేది సోడా కాదు, పిండిలోని నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై పై పొరను ఎత్తుతాయి. ఇక్కడా అంతే. పాలలో, గుడ్డులో ఉన్న నీరు ఆ వేడికి ఆవిరై పిండిని పైకి నెడుతుంది, మైదా జిగురు సాగుతుంది, గుడ్డు ఉడికి గట్టిపడి గోడలా నిలబడుతుంది. గోడ గట్టిపడకముందు చల్లగాలి తగిలిందా, లోపలి ఆవిరి చల్లబడి గోడ కూలుతుంది. మీరు రాసిన అరకప్పు పంచదార వేస్తే పొంగడం పూర్తయ్యేలోపే పైన మాడుతుంది. బేకింగ్ పౌడర్ వేస్తే లోపల గుల్ల రాదు, సన్న కన్నాలు పడి కేకులా తయారవుతుంది. రెంటినీ వేసి, పైగా ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. పూరీని ఫ్రిజ్‌లో పెట్టి వడ్డిస్తారా ఎవరైనా?

ఎత్తు సంగతి అక్కడివాళ్ళకి పరువు సంగతి. 2008లో అక్కడి రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ నాలుగంగుళాలకు తక్కువ లేచినదాన్ని యార్క్‌షైర్ పుడ్డింగ్ అనకూడదని ప్రకటించిందట. కోడలు చదివి చెబితే మొదట ఎగతాళి చేస్తోందనుకున్నాను. రసాయన శాస్త్రవేత్తల సంఘం ఒక అట్టు ఎత్తు మీద తీర్పు చెప్పడమా! కానీ మనకి పూతరేకు మందం మీదో, ఉలవచారు చిక్కదనం మీదో అలాంటి సంఘం ఉంటే బాగుండుననీ అనిపించింది.

తమాషా ఏమిటంటే, ఇది పుట్టినప్పుడు ఇంత ఎత్తు లేదు. ఓవెన్‌లో కాదు, పొయ్యి ముందు పుట్టింది. మాంసం చువ్వకి గుచ్చి మంట ముందు తిప్పుతుంటే కొవ్వు బొట్లుబొట్లుగా కారుతుంది కదా, ఆ కారేది వృథా పోకుండా కింద పళ్ళెంలో పిండి పోసి పెట్టేవారు. 1737లో అచ్చయిన వంటకంలో దాని పేరు 'డ్రిప్పింగ్ పుడ్డింగ్', అంటే కారిన కొవ్వు పుడ్డింగ్ అన్నమాట. పదేళ్ళకి, 1747లో, హన్నా గ్లాస్ అనే ఆవిడ తన వంటల పుస్తకంలో దానికి యార్క్‌షైర్ పేరు పెట్టి రాసింది. ఒక క్వార్ట్ (సుమారు లీటరు) పాలు, నాలుగు గుడ్లు, కాస్త ఉప్పు, పిండి. పంచదార ఊసే లేదు, ఇప్పటికి రెండు వందల డెబ్భై ఏళ్ళు దాటింది.

'పుడ్డింగ్' అన్న మాట మీద కూడా ఒక ముక్క. ఆ మాటకి తీపి అన్న అర్థం తర్వాత అంటుకుంది. మొదట్లో అది పేగుల్లో మాంసం కూరి ఉడికించిన పదార్థం పేరు. ఇప్పటికీ 'బ్లాక్ పుడ్డింగ్' అంటే రక్తంతో చేసే సాసేజ్. పేరు చూసి పంచదార డబ్బా తీసేవాళ్ళు దానికేం చేస్తారో! ఇదే పుడ్డింగ్ పిండిలో సాసేజ్‌లు పెట్టి కాలిస్తే 'టోడ్ ఇన్ ద హోల్' అంటారు, కన్నంలో కప్ప అని. కప్ప ఉండదు. మా ఆవిడకి ఎంత చెప్పినా ఆ పళ్ళెం వంక చూడలేదు.

గొడ్డు మాంసం కాల్చినరోజు అక్కడివాళ్ళు పక్కన 'హార్స్‌రాడిష్' అనే వేరు తురిమి చేసిన ఘాటు పచ్చడి పెట్టుకుంటారు. పెద్దావిడ సీసా మూత తీసి వాసన చూపిస్తే మా ఆవిడ వెంటనే "మునగ వేరు!" అంది. నిజమే. ఒకప్పుడు మన దేశానికొచ్చిన ఇంగ్లీషువాళ్ళు ఆ వేరు దొరక్క మునగ వేరుతో సరిపెట్టుకున్నారు. అందుకే ఇంగ్లీషులో మునగచెట్టుకి 'హార్స్‌రాడిష్ చెట్టు' అని కూడా పేరుంది. రెండు వందల ఏళ్ళ కిందటి సర్దుబాటుని మా ఆవిడ ముక్కు ఒక్క నిమిషంలో పట్టేసింది.

కానీ నన్ను కదిలించింది వేరే సంగతి. ఆరోజు మాకు పుడ్డింగ్ ముందు విడిగా ఎందుకు పెట్టావని అడిగాను. హోటళ్ళలో తర్వాత చూశాను, అన్నీ ఒకే పళ్ళెంలో పెడుతున్నారు: మాంసం, కాల్చిన బంగాళాదుంపలు, క్యారెట్లు, పుడ్డింగ్, పైన గ్రేవీ. ఆవిడ మాత్రం ఎప్పుడూ ముందు విడిగానే. వాళ్ళ నాన్న బార్న్‌స్లీ దగ్గర బొగ్గుగనిలో పనిచేసేవాడట. ఆరుగురు పిల్లలు, వారానికొక మాంసం ముక్క. వాళ్ళమ్మ ముందు పెద్ద పళ్ళెం నిండా పుడ్డింగ్ చేసి, గ్రేవీ పోసి పెట్టేదట. "ఎవరు ఎక్కువ పుడ్డింగ్ తింటే వాళ్ళకే ఎక్కువ మాంసం" అనేది సామెత. పిల్లలు పోటీపడి తినేవాళ్ళు. మాంసం వచ్చేసరికి ఎవరి కడుపులోనూ చోటుండేది కాదు. నాన్నకి రెండు ముక్కలు మిగిలేవి, సోమవారం చల్లటి మాంసం కూడా మిగిలేది.

మనవరాలు ఇది తెలుగులో చెబుతుంటే నేను మాట్లాడలేదు. మేం ఏడుగురం పిల్లలం. కోడిని కోసినరోజు మా అమ్మ ముందు ముద్దపప్పు, గోంగూర, రెండోసారి గోంగూర, "ఇంకొంచెం పెట్టుకోరా, ఒట్టి ముద్ద తినకూడదు" అంటూ వేసేది. పులుసు గిన్నె చివర్లో దిగేది. అప్పటికి నాకు కాలో రెక్కో ఒక్కటి చాలేది. అమ్మ అంత గోంగూర ఎందుకు వేసేదో నాకు 68వ ఏట మోర్లీలో తెలిసింది. పెద్దావిడకి ఈ సంగతి చెప్పమన్నాను. పిల్ల చెప్పింది. ఆవిడ నా పళ్ళెంలో ఇంకో పుడ్డింగ్ వేసి, "అయితే తిను, లవ్" అంది.

ఇప్పుడు ఎవరికీ ఇంత తీరిక లేదనుకోండి. హల్ నగరంలో 1995 నుంచి ఆంట్ బెస్సీస్ అనే కంపెనీవాళ్ళు ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన పుడ్డింగులు తయారుచేస్తున్నారు. సంచి చించి రేకులో పెట్టి నాలుగైదు నిమిషాలు వేడిచేస్తే చాలు. మా కోడలు డ్యూటీ రోజుల్లో అవే. పెద్దావిడకి చెప్పకు అని పిల్లచేత ఒట్టు వేయించింది. నేను తిన్నాను, బాగానే ఉన్నాయి. ఇన్‌స్టంట్ ఇడ్లీ బాగున్నట్టు.

మీవాళ్ళకి సగం మార్కు ఇవ్వాల్సిన చోటు ఒకటుంది. మిగిలిపోయిన పుడ్డింగులని అక్కడ జామ్‌తోనో, గోల్డెన్ సిరప్ అనే బంగారు పాకంతోనో తినేవాళ్ళున్నారు. కానీ తీపి పైన పోసుకునేదే. పిండిలో వెయ్యరు. మన అట్టు మీద బెల్లం పాకం పోసుకున్నామని అట్ల పిండిలో బెల్లం కలుపుతామా!

తెనాలి వచ్చాక నేనూ చేశాను. మొదట గుంతపొంగడాల పెనంలో పోసి మూతపెట్టాను. అడుగు కాలింది, పైన ఉడికింది, లేవలేదు. అన్నివైపులా వేడి కావాలి దానికి. తర్వాత మా పాత కొట్టు పక్క బేకరీలో, బన్నుల వాయి దిగాక ఓవెన్ అడిగి తీసుకున్నాను. కప్పుకేకుల రేకులు, వేరుశెనగ నూనె. ఈసారి తలుపు దగ్గర కుర్రాణ్ణి నిలబెట్టి, నన్ను కూడా తియ్యనివ్వద్దని చెప్పాను. 24 పోస్తే 21 లేచాయి. నాటుకోడి పులుసు పోసుకుని తిన్నాం. పెద్దావిడకి వీడియో చేసి ఒకటి చూపించాను. వేలు అడ్డం పెట్టి చూపించమంది. నాలుగు వేళ్ళకి కొంచెం తక్కువ. తల అటూ ఇటూ ఆడించింది. "రంగు బాగుంది" అంది.

అందుచేత అయ్యా, వచ్చే ఆదివారం ఒక చిన్న సవరణ వెయ్యండి. ఉత్తరం పొడుగైంది, ఎక్కడైనా కత్తిరించుకోండి, కొలత మాత్రం కత్తిరించకండి: గుడ్లు, మైదా, పాలు సమానం, చిటికెడు ఉప్పు, అరగంట ఊరాలి, పొగ వచ్చేదాకా కాగిన నూనె, 220 డిగ్రీలు, ఇరవై నిమిషాలు తలుపు ముట్టుకోకూడదు, దిగిన వెంటనే తినాలి. బొమ్మ కూడా మార్చండి. మీరు రాసినట్టు ఇప్పటికే పంచదార పిండి కలిపి కూర్చున్న తల్లులు ఎవరైనా ఉంటే పారబొయ్యొద్దని చెప్పండి. పెనం మీద సన్న సెగన చిన్నచిన్న అట్లు పోసి పిల్లలకి పెట్టొచ్చు, బాగానే ఉంటాయి. వెనిలా వాసన వస్తే వచ్చింది.

నా పేరు వెయ్యకండి. బేకరీ అతను ప్రతి ఆదివారం ఓవెన్ ఖాళీగా ఉంచాల్సి వస్తుంది.

ఇట్లు,
ఒకప్పటి టిఫిన్ హోటల్ యజమాని,
తెనాలి